కారు నల్ల ప్లాస్టిక్కుకు “రంగు పోయిందా”, “తెల్లబారిందా”?

ప్రశ్న (అమలాపురం నుంచి ఒక సభ్యురాలు):

మా కారుకు బంపరు కింది భాగం, చక్రాల చుట్టూ ఉండే అంచులు, తలుపుల మీది బీడింగు, వైపర్ల అడుగున ఉండే జాలీ పలక కొన్ననాడు నల్లగా ఉండేవి. ఇప్పుడు అవన్నీ బూడిద రంగులోకి వచ్చాయి. సర్వీసింగ్ షెడ్డులో ఒకరు “రంగు పోయిందండి” అన్నారు, పక్కనున్న మరొకరు “ఎండిపోయిందండి, కాస్త నూనె పట్టించండి” అన్నారు, మా మామగారేమో “వెలిసిపోయింది” అంటున్నారు. దీనిని తెలుగులో సరిగా ఏమనాలో, ఆ నలుపు మళ్లీ రావడాన్ని ఏ మాటతో చెప్పవచ్చో తెలిసినవారు వివరించ ప్రార్థన.

జవాబు (పాలకొల్లు నుంచి):

సోదరిగారికి నమస్కారం. మీరు రాసిన మూడు మాటలూ మన డెల్టాలో రోజూ వినిపించేవే. అయితే ఈ విషయంలో మాట ఎంపిక కేవలం సొగసు కోసం కాదు. షెడ్డులో చేయి ఏ డబ్బా మీదికి వెళ్తుందన్నది చాలావరకు నోట వచ్చిన మాటను బట్టే తేలిపోతుంది. రంగు పోయిందని నమ్మినవారు రంగు వేయిస్తారు, ఎండిపోయిందని నమ్మినవారు నూనె రాయిస్తారు. అసలు జరిగినది ఈ రెండూ కాదు కనుక ఆ రెండు వైద్యాలూ నిలవవు. దీనికి తగిన మాట “తెల్లబారడం” అని నా గట్టి అభిప్రాయం.

చీర రంగు పోయిందంటే అద్దకపు రంగు నీళ్లలో కలిసి వెళ్లిపోయిందని అర్థం. గోడకు కట్టిన బట్ట వెలిసిందంటే, అందులోని రంగు పదార్థమే ఎండకు విరిగి తన గుణం కోల్పోయిందని అర్థం. రెండింటిలోనూ నష్టపోయినది రంగే. కారు ప్లాస్టిక్కు సంగతి వేరు. రంగు వేయకుండా బిగించే ఈ నల్ల భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో పోతపోసినవి. బంపర్లలోనైతే దానికి రబ్బరు గుణమున్న పదార్థాన్నీ, టాల్కు పొడినీ కూడా కలుపుతారు. వాటి నలుపు పైపూత కాదు. కార్బన్ బ్లాక్ అనే మసివంటి మెత్తని పొడిని ముద్దలోనే కలుపుతారు కాబట్టి ముక్కను విరిచి చూసినా లోపల నలుపే ఉంటుంది. పైగా ఈ కార్బన్ బ్లాక్ ఎండకు వెలిసేది కాదు సరికదా, అతినీలలోహిత కిరణాలను తానే మింగి ప్లాస్టిక్కును కొంతవరకు కాపాడుతుంది.

మరి విరిగేది ఏమిటంటే, ఆ నల్లపొడిని పట్టి ఉంచిన ప్లాస్టిక్కు. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి దాని పొడవైన అణువుల గొలుసులను ముక్కలు చేస్తాయి. ఇలా జరగకుండా తయారీలోనే కొన్ని రక్షక రసాయనాలు కలుపుతారు కాని, ఏళ్లు గడిచేకొద్దీ పైపొరలో అవి ఖర్చయిపోతాయి. అప్పుడు పైపొర పెళుసుబారి, కంటికి ఆనని సన్నని బీటలు వారి, పొడి తేలుతుంది. నునుపు చెడిన ఆ పొర మీద పడిన వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోవడం వల్ల మన కంటికి తెలుపుగా కనిపిస్తుంది. నలుపు ఎక్కడికీ పోలేదు; దాని మీద తెలుపు పరచుకున్నది. రోహిణీ కార్తె ఎండలకు రోళ్లే పగులుతాయనుకునే చోట, ఆరుబయట నిలిపిన కారు ప్లాస్టిక్కు పైపొర పగలడంలో వింత లేదు. వైపర్ల అడుగు పలక, బంపరు పైఅంచు వంటి ఆకాశంకేసి చూసే భాగాలు ముందుగా తెల్లబారడానికీ, ఎప్పుడూ ఒకే దిక్కుకు నిలిపే కారులో ఎండ వైపు బీడింగు రెండో వైపు కంటే ముందు చెడడానికీ కారణం ఇదే.

నమ్మకం కుదరకపోతే మీరే చూడవచ్చు. బాగా చెడిన చోట బొటనవేలితో గట్టిగా రుద్దితే వేలికి బూడిదరంగు పొడి అంటుతుంది. అక్కడే తడిగుడ్డతో తుడిస్తే కొత్త కారు నలుపు ఒక్కసారిగా పైకి వస్తుంది. ఆ తడి అంచుల నుంచి ఆరుతూ వచ్చేకొద్దీ తెలుపు కూడా అంచుల నుంచే లోపలికి పాకుతుంది. నీరు ఆ సన్నని బీటలను నింపినంతసేపు వెలుగు చెదరలేదు, నీరు ఆరగానే మళ్లీ చెదిరింది. నిజంగా రంగే పోయి ఉంటే వట్టి నీళ్లకు తిరిగి వచ్చేది కాదు కదా.

ఇక మాట దగ్గరకు వస్తాను. తెలుగులో వస్తువు చెడడాన్ని చెప్పడానికి “పోవు”, “పట్టు”, “బారు” అనే మూడు క్రియలు ఎంతో పని చేస్తాయి. ఉన్నది విడిచి వెళ్తే “పోవు”: రంగు పోయింది, మెరుగు పోయింది. బయటిది వచ్చి అంటుకుంటే “పట్టు”: దుమ్ము పట్టింది, పాచి పట్టింది, బూజు పట్టింది. వస్తువు ఒళ్లే ఒక గుణానికి మారి, ఆ మార్పు దాని మీద పరచుకుంటే “బారు”: మొద్దుబారింది, పెళుసుబారింది, తెల్లబారింది. ఈ “బారు” పాత “పాఱు” ధాతువు నుంచి వచ్చినదే. నీరు పారడంలోనూ, పొద్దు పొడిచి తెల్లవారడంలోనూ ఉన్నది ఆ క్రియే. సముద్రం వైపు మండలాల్లో చౌడుబారిన చేను చూసినవారికి ఈ “బారు” అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. ఎవరో తెచ్చి చల్లినట్టు కాక, నేలలోంచే తెలుపు తేలి మడి అంతా కమ్ముకుంటుంది.

ఈ మూడింటి తేడా కారు దగ్గర బాగా అక్కరకు వస్తుంది. ఎందుకంటే నల్ల ప్లాస్టిక్కు మీద కనిపించే ప్రతి తెలుపూ తెల్లబారడం కాదు. వేసవిలో దాళ్వా (రెండో పంట) కోతల తరువాత కాలువలు కట్టేస్తే చాలామంది బోరు నీళ్లతోనే బండి కడుగుతారు. సముద్రతీర గ్రామాల్లో ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే నీరు ఆరిపోయి ఉప్పు, సున్నం మరకలుగా మిగులుతాయి. అది “ఉప్పు పట్టడం”. అలాగే కారు ఒంటికి వేసే మైనం పాలిష్ గింజగింజగా ఉండే ప్లాస్టిక్కు గుంటల్లో చేరి ఎండితే తెల్లని చుక్కలు తేలతాయి. అదీ “పట్టడమే”. తడిపితే పట్టినదీ బారినదీ రెండూ నల్లగానే కనిపించవచ్చు కనుక, కడిగి పూర్తిగా ఆరబెట్టిన తరువాతే తీర్పు చెప్పాలి. తోమితే పోయినది పట్టిన తెలుపు, తోమినా మిగిలినది బారిన తెలుపు. ఉప్పు మరకలకు నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి మంచినీళ్లతో కడిగితే చాలు. మైనానికి సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు కావాలి. ఈసారి పాలిష్ వేసేముందు ప్లాస్టిక్కు అంచుల మీద మాస్కింగ్ టేపు అంటిస్తే ఆ బాధే ఉండదు.

“ఎండిపోయింది” అన్నవారి మాట కూడా చూడాలి. ఇక్కడి “పోవు” విడిచివెళ్లే “పోవు” కాదు, పని పూర్తయిందని చెప్పే సహాయక క్రియ. వ్యాకరణం దృష్ట్యా అందులో దోషం లేదు. దోషమల్లా “ఎండు” దగ్గర ఉన్నది. ఆకులో ఉన్నట్టు ప్లాస్టిక్కులో తేమ లేదు, నూనె పోసి దానిని తిరిగి పచ్చిచేయలేము. కోనసీమలో ప్రతి ఇంట్లోనూ ఉండే కొబ్బరినూనె రాస్తే నల్లబడుతుందన్నది నిజమే కాని, అది పైన తడిగుడ్డ చేసిన పనే చేస్తుంది: బీటలను నింపుతుంది. తరువాత దారిలోని దుమ్మంతా దానికి అంటుకుంటుంది, ఒక గట్టి వానకు కడుక్కుపోతుంది. డీజిల్, కిరోసిన్ గుడ్డతో తుడవడం ఇంకా చెడ్డ అలవాటు. పక్కనున్న రబ్బరు పట్టీలు ఉబ్బి చెడతాయి, వాసనా నిప్పు భయమూ సరేసరి.

భీమవరం నుంచి ఒక సభ్యుడు:

మీ విభజన బాగుంది కాని నాకొక సందేహం. తుప్పు కూడా ఇనుములోంచే పుడుతుంది, బయటి నుంచి వచ్చి అంటుకోదు. అయినా “తుప్పు పట్టింది” అంటాము తప్ప “తుప్పుబారింది” అని సాధారణంగా అనము కదా? మరొకటి, “కారు నలుపు” అన్న మాటను ఇక్కడ వాడవచ్చునా?

పాలకొల్లు నుంచి:

మంచి సందేహం. నేను చెప్పినది మినహాయింపు లేని సూత్రం కాదు, వాడుక ఎటు మొగ్గుతుందో చెప్పడమే. తుప్పు, పాచి, బూజు వంటివాటిని మనవారు గీకి తీయగల వేరే వస్తువులుగా ఎంచి పేర్లు పెట్టారు, కాబట్టి అవి ఎక్కడ పుట్టినా “పట్టు” వైపే వెళ్తాయి. తెలుపు, పెళుసు, మొద్దు అనేవి గుణాలు. వాటిని గీకి చేతిలోకి తీసుకోలేము, కనుక అవి “బారు”తో కలుస్తాయి.

“కారునలుపు” చక్కని మాట. కారుమబ్బు, కారుచీకటి అన్నప్పుడు ఉన్న “కారు” నలుపు అనే అర్థమున్న పాత ద్రావిడ పదం. మోటారు కారుకూ దానికీ చుట్టరికం లేదు. కలిపి రాస్తే గాఢమైన నలుపు, విడదీసి “కారు నలుపు” అని రాస్తే బండి నలుపు అవుతుంది, కాబట్టి రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. ఈ మాట మీద నాకు ఇష్టం కలగడానికి ఇంకొక కారణం ఉన్నది. షెడ్డుల్లో పాలిష్ కొట్టగానే ప్లాస్టిక్కు నిగనిగలాడితే పని బాగా జరిగిందని అనుకుంటారు. కాని ఈ భాగాల్లో చాలావాటిని మెరవకుండా, గింజతేరిన పైతలంతోనే తయారుచేస్తారు. వాటి సహజమైన అందం కారునలుపే, నిగనిగ కాదు. నిగనిగలాడుతూ చేతికి జిడ్డుగా తగిలితే, పూసినది ఎక్కువై తుడవకుండా వదిలేశారని గ్రహించవచ్చు.

నలుపు మళ్లీ రావడానికి “నలుపు తిరిగింది” అనవచ్చు, మామిడికాయ రంగు తిరిగిందన్నట్టుగా అది అందరికీ అర్థమవుతుంది. నాకు మాత్రం “నలుపుదేరింది” అన్నది మరింత బిగువుగా తోస్తుంది. నునుపుదేరడం, నిగ్గుదేరడం మనకు ఉన్నవే. వేడిగాలి గన్నుతో చేసే పనికి ఈ “నునుపుదేరడం” అక్షరాలా సరిపోతుంది. చెడిన పైపొర వేడికి కొద్దిగా కరిగి మళ్లీ సర్దుకుంటుంది, వెలుగు చెదరడం తగ్గి నలుపు తేలుతుంది. అయితే పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, గన్ను గాలి అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. ఒకచోట నిలిపితే బీడింగు వంకరపోతుంది, పక్క పెయింటు కమిలిపోతుంది. పైగా పోయిన రక్షక రసాయనాలు దీనివల్ల తిరిగి రావు కనుక కొన్ని నెలలకు మళ్లీ తెల్లబారుతుంది. ఇంట్లో దీనికి పూనుకోవద్దనే నేను చెబుతాను. పెయింటు వేయించదలిస్తే, పాలీప్రొపిలీన్‌కు పెయింటు సులువుగా అంటదన్నది గుర్తుంచుకోవాలి. దానికి తగిన ప్రత్యేక ప్రైమరు ముందు వేయకపోతే పొరలు పొరలుగా లేస్తుంది.

అమలాపురం సోదరి:

మరి మేము చేయవలసినది ఏమిటి?

పాలకొల్లు నుంచి:

ముందు సబ్బునీళ్లతో బ్రష్షుపెట్టి తోమి, మంచినీళ్లతో కడిగి, గుంటల్లో తడి లేకుండా ఆరబెట్టండి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే మిగిలిన జిడ్డు పోతుంది. పాత నూనె ఉన్నచోట ఏ పూతా నిలవదు కాబట్టి ఈ పని వదలవద్దు. పూతల్లో రెండు రకాలున్నాయి. నీటిలో కలిపిన సిలికోన్ డ్రెస్సింగు తేలికగా పూయవచ్చు, కొన్ని వారాలు ఉంటుంది. గట్టిపడి పొరగా నిలిచే ట్రిమ్ కోటింగులు నెలల తరబడి ఉంటాయి కాని చేయి జాగ్రత్త కావాలి. ఏదైనా సరే, నీడలో, ప్లాస్టిక్కు చల్లగా ఉన్నప్పుడు, మొదట కనిపించని మూల పరీక్షించి, పలచగా పూసి, ఎక్కువైనది వెంటనే తుడిచివేయండి. పెయింటు మీద, అద్దం మీద పడినది ఆరకముందే తీయాలి. కోటింగు వేశాక డబ్బా మీద చెప్పినంతసేపు తడి తగలకూడదు కనుక, వానాకాలంలోనూ, మంచు కురిసే ధనుర్మాసపు తెల్లవారుజాముల్లోనూ ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి దాటాక మంచు విడిచిన ఉదయం అనువైన వేళ.

పూత పనిచేస్తున్నంతకాలం నీళ్లు చల్లితే బొట్లుబొట్లుగా నిలిచి జారిపోతాయి. అలా నిలవక నీరు పలచగా పరచుకోవడం మొదలైతే, తెలుపు కనిపించేదాకా ఆగకుండా అప్పుడే మళ్లీ కడిగి పూయండి. కారును చెట్టునీడనో పందిరికిందనో నిలిపితే ఆ గడువు పెరుగుతుంది. నిలిపే దిక్కును అప్పుడప్పుడు మారిస్తే రెండు పక్కలూ సమానంగా ఉంటాయి.