‘క్రమబద్ధమైన ప్రవాహం’ అని రాస్తే ఏమైందంటే

మా టీములో కొత్తగా చేరేవాళ్ల కోసం అపాచీ సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ గైడులోని స్ట్రీమింగ్ ఎక్స్‌ప్రెషన్ల (రికార్డులను స్ట్రీమ్‌గా, అంటే వరసగా పంపి వాటి మీద పని చేసే ఫంక్షన్ల) భాగాన్ని తెలుగులో నోట్సుగా రాస్తున్నాను. ఫంక్షన్ల పేర్లు టైప్ చెయ్యాల్సినవి కాబట్టి వాటి జోలికి పోలేదు. చిక్కంతా చుట్టూ ఉండే వివరణతోనే.

యూనిక్ అనే ఫంక్షన్ ఉంది. ఒక ఫీల్డులో ఒకే విలువ ఉన్న రికార్డులు ఎన్ని వచ్చినా ఒక్కటే ఉంచుతుంది. అయితే లోపలి నుంచి వచ్చే స్ట్రీమ్ ఆ ఫీల్డు మీదే సార్ట్ అయి రావాలి. ఈ షరతును నేను ‘క్రమబద్ధమైన ప్రవాహం ఇవ్వాలి’ అని రాశాను. అది చదివిన అమ్మాయి, రికార్డులు తెచ్చే సెర్చ్ ఫంక్షన్‌లో సార్ట్ ధర మీద పెట్టి, యూనిక్‌లో ఏ ఫీల్డో చెప్పే ఓవర్ దగ్గర ఊరు అని ఇచ్చింది. ఎర్రర్ వచ్చింది. “క్రమబద్ధంగానే ఉంది కదండీ, ధర తక్కువ నుంచి ఎక్కువకి!” అంది.

తప్పు ఆమెది కాదు, నా మాటది. క్రమబద్ధం అంటే మనకు పద్ధతిగా, తీరుగా ఉండడం. దేన్ని బట్టి అనే ప్రశ్న ఆ మాట చెవిన పడితే పుట్టదు. ఇప్పుడు ‘ఊరు వారీగా పేర్చి రావాలి’ అని మార్చాను. ‘వారీగా’ ఒంటరిగా నిలబడదు. ఊరు వారీగా, వార్డు వారీగా, తేదీ వారీగా అని ముందు ఒక పేరు అడుగుతుంది. ఆ పేరే ఇక్కడ ఫీల్డు. పైగా ఒకే ఊరివి పక్కపక్కన ఉంటాయన్న అర్థం కూడా అందులోనే ఉంది. యూనిక్‌కి కావలసింది సరిగ్గా అదే, ఎందుకంటే అది ఇంతకుముందు వచ్చిన రికార్డుతో మాత్రమే పోల్చి చూస్తుంది.

ఇక స్ట్రీమ్‌కి ప్రవాహం కన్నా ‘ధార’ బాగుందనిపిస్తోంది. ప్రవాహం అనగానే వరద కళ్లముందు మెదులుతుంది. ఇక్కడ రికార్డులు ఒకదాని వెనక ఒకటి తెగకుండా వస్తాయి. యూనిక్‌లా మరో స్ట్రీమ్ తీసుకుని దాని మీద పని చేసే ఫంక్షన్‌ని డెకరేటర్ అంటారు. దాన్ని మాత్రం ‘అలంకారం’ అనలేను, అది దేన్నీ అలంకరించదు. కుళాయి మూతికి కట్టిన వడగుడ్డలా పని చేస్తుంది. ‘తొడుగు’ అందామా?

వ్యాఖ్య: ధారకే నా ఓటు. అవధానంలో ధార, ధారణ అని రెండూ అంటాం కదా, మీ నోట్సుకి ఆ జంట పనికొస్తుందేమో చూడండి.

జవాబు: ఎంత బాగా పనికొచ్చిందో చెప్పలేను! రెండు ధారల్లో ఒక ఫీల్డు విలువ సరిపోయే రికార్డులను జత చేసే ఇన్నర్‌జాయిన్‌కి, రెండు ధారలూ ఆ కలిపే ఫీల్డు వారీగా పేర్చి రావాలి, అప్పుడు అన్నిటినీ గుర్తుపెట్టుకోనక్కర లేదు. అదే పని చేసే హ్యాష్‌జాయిన్‌కి ఆ వరస అక్కర్లేదు, కానీ ఒక ధార మొత్తాన్ని మెమరీలో పెట్టుకుంటుంది. అంటే దానికి ధారణ కావాలి. అందుకే రెండింటిలో చిన్నదాన్ని హ్యాష్ చెయ్యమని, అంటే మెమరీలో పెట్టుకోమని చెప్పాలి. ఈ ముక్క నోట్సులో చేర్చేశాను.

వ్యాఖ్య: తొడుగు దగ్గర నాకు అభ్యంతరం ఉందండీ. మెర్జ్ కూడా డెకరేటరే. రెండు ధారలు కలిపేదాన్ని తొడుగు అంటే ఎలా?

జవాబు: నిజమే, యూనిక్ ఒక్కటే మనసులో పెట్టుకుని అన్నాను. తొడుగు తీసేస్తున్నాను. డెకరేటర్ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘ధారను తీసుకుని ధారనే ఇచ్చేది’ అని రాస్తాను. ఒకటి తీసుకున్నా రెండు తీసుకున్నా ఆ వాక్యం సరిపోతుంది. సెర్చ్, ఫేసెట్ లాంటి సోర్సులకు ‘ఊట’ అనుకుంటున్నాను, ధార పుట్టేది అక్కడే కనక. దీనికి అభ్యంతరం ఉన్నవాళ్లు శనివారం లోపు చెప్పండి, ఆదివారం ప్రింటు తీస్తాను.