హిస్పానిక్ బస్తీలలో వాడిన మూల్యాంకన పద్ధతి మన ఫ్లోరైడ్ గ్రామాలకు పనికి వస్తుందా?

దేవరకొండ_విద్యార్థి:
నేను ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నాను. అమెరికాలో హిస్పానిక్ ప్రజలు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు, ఎక్కువగా ఉండే ప్రాంతాలలో తీపి పానీయాలపై పన్ను వంటి విధానాలు వచ్చాక ఏం మారిందో కొలిచిన అధ్యయనాలను చదువుతున్నాను. నా ప్రాజెక్టు మాత్రం నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు గ్రామాలలో మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చిన తరువాతి ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) పరిస్థితి గురించి. నల్లా కనెక్షన్ల లెక్కలు దొరుకుతున్నాయి గాని, వాటినే ఆరోగ్యంలో వచ్చిన మార్పుగా చూపించడానికి మనసొప్పడం లేదు. నీళ్లు రాకముందు నాటి సర్వే కూడా నా చేతిలో లేదు. అక్కడి పద్ధతులలో ఇక్కడ ఏది నిలుస్తుంది?

పాలమూరు_ప్రవాసి:
నేను కాలిఫోర్నియాలో ఉంటాను కాబట్టి ఇక్కడి బర్కిలీ నగరం సంగతి చెప్తాను. 2014 నవంబరులో అక్కడి ఓటర్లు ఆమోదించిన తీపి పానీయాల పన్ను, ఔన్సుకు ఒక సెంటు చొప్పున, 2015 మార్చి నుంచి అమలైంది. నల్లజాతివారు, హిస్పానిక్‌లు ఎక్కువగా ఉండే తక్కువ ఆదాయపు పేటలలో పన్నుకు ముందూ తరువాతా జనాన్ని అడిగారు. అప్పటికి పన్ను లేని ఓక్లాండ్, శాన్ ఫ్రాన్సిస్కోలలోనూ అవే ప్రశ్నలు వేశారు. బర్కిలీలో తీపి పానీయాల వాడకం 21 శాతం తగ్గింది, ఆ రెండు ఊళ్లలో 4 శాతం పెరిగింది. ఆ పోలిక లేకపోతే 21 అనే అంకెకు బలం ఉండేది కాదు.

ఇంకొకటి గమనించండి: వారు కొలిచింది తాగడాన్ని, మధుమేహాన్ని కాదు. ఇంత తక్కువ కాలంలో మధుమేహం లెక్క మారదు. మెక్సికోలో 2014లో లీటరుకు ఒక పెసో పన్ను వేసినప్పుడు కూడా ముందుగా చూసింది కొనుగోళ్లనే. మొదటి ఏడాది సగటున 6 శాతం తగ్గాయి. మీరు కూడా ఉత్తర్వును (నల్లా వచ్చిందా), అలవాటును (ఏ నీళ్లు తాగుతున్నారు), శరీరాన్ని (ఒంట్లో ఏం మారింది) విడివిడిగా కొలవాలి. ఇళ్లలోకి వెళ్లే పనికి అక్కడ ‘ప్రొమోతోరా’లు, అంటే ఆ సమాజంలోనే పుట్టి పెరిగిన ఆరోగ్య కార్యకర్తలు ఉంటారు, మీకు ఆశా కార్యకర్తలు ఉన్నారు.

మర్రిగూడ_పంతులు:
పన్ను అనగానే నేను మొదట పంటి సంగతే అనుకున్నాను, మా ప్రాంతంలో అదే ముందు గుర్తుకొస్తుంది. తమ్ముడూ, ‘మీ ఇంట్లో నల్లా ఉన్నదా’ అని అడిగితే అందరూ ఉన్నదనే అంటారు. నల్లా నీళ్లు గిన్నెలకు, బట్టలకు వాడుకొని, తాగడానికి ప్లాంటు నీళ్ల క్యాను తెచ్చుకునే ఇళ్లున్నాయి; పొద్దంతా చేను దగ్గర బోరు నీళ్లే తాగే కూలీలున్నారు. అందుకని ‘నిన్న పొద్దటి నుంచి ఎక్కడెక్కడి నీళ్లు తాగిండ్రు, వంట ఏ నీళ్లతో చేసిండ్రు’ అని అడుగు. ప్రతి బోరు నీళ్లనూ విడిగా పరీక్ష చేయించు; ఒకే ఊళ్లో రెండు బోర్లకు పొంతన ఉండదు.

దంతవైద్యురాలు_నల్లగొండ:
ముందటి సర్వే లేదని దిగులు పడకండి, పళ్లే ఆ సర్వే. శాశ్వత దంతాల పైపొర దాదాపు ఎనిమిదేళ్ల వయసు లోపలే తయారవుతుంది, ముందు పళ్లకు మొదటి మూడు నాలుగేళ్లే కీలకం. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పడే గార మచ్చ తరువాత మంచినీళ్లు తాగినా పోదు. కాబట్టి నల్లా రాకముందు పుట్టిన అన్ననూ, వచ్చాక పుట్టిన చెల్లెనూ ఒకే ఇంట్లో చూసి డీన్ సూచిక (పళ్ల మచ్చల తీవ్రతను అంచెలుగా కొలిచే పద్ధతి) ప్రకారం నమోదు చేస్తే, బర్కిలీకి ఓక్లాండ్ పోలిక అయినట్టు మీకు అన్న పళ్లు పోలిక అవుతాయి. వంగిన నడుములు లెక్కపెట్టి విధానం విఫలమైందని మాత్రం రాయకండి, ఎముకకు ఒకసారి జరిగిన నష్టం తరువాత బాగుపడదు. ఇప్పటి అలవాటు తెలియాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ చూడండి. పిల్లలు చిన్నతనంలో ఏ ఊళ్లో పెరిగారో తప్పక అడగండి, పనికోసం హైదరాబాద్ వెళ్లి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

దేవరకొండ_విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. నల్లా ప్రశ్నను తీసేసి పంతులు గారి ప్రశ్న పెడుతున్నాను. మేడమ్, అన్నాచెల్లెళ్ల మధ్య వయసు తేడా ఎంతవరకు ఉండవచ్చు?