అప్‌డేట్: అసలు ప్రింటు ఇంటికొచ్చింది

విజయనగరంలో ఉంటూ ఇప్పటి చిత్రకారుల అసలు బొమ్మలు ఎక్కడ కొనాలని అడిగాను కదా. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో అడిగి చూడమన్నారు మీలో ఒకరు. వెళ్లాం. అక్కడ చదివిన ఒకమ్మాయి చేసిన ఉడ్‌కట్ (చెక్క పలక మీద బొమ్మ చెక్కి తీసిన అచ్చు) తీసుకున్నాం. తాటిచెట్ల కింద మేకలు, ఎంత బావుందో!

కింది అంచున పెన్సిల్‌తో 7/25, పక్కన సంతకం. అంటే పాతిక ప్రతుల్లో ఇది ఏడోది. చెక్కిన పలకకి సిరా పూసి, కాగితం పరిచి, ప్రతిసారీ మళ్లీ ఒత్తి తీస్తారు. అందుకే ఇది జిరాక్స్ కాదు, అసలు బొమ్మే. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులు (లోహపు రేకు మీద గీతలు తొలిచి తీసే అచ్చులు) ఇష్టపడేవాళ్లు ఈ కొత్తవాళ్లనీ చూడాలి.

ఆమె చెప్పిన ధరే ఇచ్చాం, ఆ పనితనం చూశాక బేరమాడబుద్ధి కాలేదు. కొనేవాళ్లు ఫ్రేము కట్టే ఆయనకి గట్టిగా చెప్పండి: యాసిడ్ లేని మౌంటు (బొమ్మ చుట్టూ, వెనక వేసే అట్ట) వెయ్యాలి, అద్దం బొమ్మకి తగలకూడదు. ఎండ పడే గోడ మాత్రం వద్దు.