క్రీమ్ ఫ్లానెల్ (మెత్తటి ఉన్ని బట్ట) ప్యాంటు మీదకి ఏ ముదురు జాకెట్ నప్పుతుంది?

ప్యాంటు 1930ల నాటి కోత. నడుము పట్టీ బొడ్డు దాకా వస్తుంది, ముందు రెండేసి ప్లీట్లు (మడతలు), కింద ఒక్కో కాలి చుట్టుకొలత 22 అంగుళాలు. నేవీ బ్లూ జాకెట్ అయితే సరిపోతుందని తెలుసు, చిక్కంతా బట్టతోనే. సూటులోంచి విడదీసిన నున్నటి జాకెట్ వేస్తే దాని జత ప్యాంటు ఎక్కడో మర్చిపోయినట్టుంది. నలుపు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది (పెళ్లి బ్యాండు గుర్తొస్తోంది). ఇక ఇప్పటి పొట్టి, బిగుతు జాకెట్ల కింద ఇంత వెడల్పు కాళ్లు గంటలా వేలాడుతున్నాయి.

నేవీలోనే గరుకు నేత హాప్‌సాక్ మేలా, ముదురు గోధుమ రంగు ట్వీడా (మందపాటి గరుకు ఉన్ని బట్ట)? జాకెట్ పిరుదులు పూర్తిగా కప్పాలా? నేవీ జాకెట్ బట్టను తడి తెల్లగుడ్డతో పదిసార్లు రుద్దితే గుడ్డకి రంగు కొంచెం అంటుతోంది. జేబుల దగ్గర క్రీమ్ ఉన్నికి ఆ మరక పడితే బ్లీచ్ పనికిరాదు, ఉన్నినే తినేస్తుంది. ముందే రంగు ఆపే దారి ఉందా?