విమర్శకుల పోల్‌లో ఒకే నటనకు ఓట్లు రెండు విభాగాల్లో చీలితే ఎలా కూడాలి?

ఏడాది ఉత్తమ చిత్రాల పోల్ లెక్కలు తేలుస్తున్నాం. ఒక్కో విమర్శకుడు వరుసగా 10 సినిమాలు రాస్తారు. మొదటిదానికి 10 పాయింట్లు, చివరిదానికి 1. వరుస ఇవ్వని బ్యాలెట్‌లో తలా 5.5 వేస్తున్నాం, మొత్తం 55 మారకుండా. సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేళ్లకోసారి జరిపే పోల్‌లో వరుసతో పనిలేదు, పేరు రాస్తే ఒక ఓటు. ఏడాది జాబితాకి అది చాలదు, సమాన ఓట్లు మరీ ఎక్కువైపోతాయి.

చిక్కంతా నటన దగ్గరే. ఒకే పాత్రను కొందరు ప్రధాన విభాగంలో, కొందరు సహాయ విభాగంలో రాశారు. విడిగా కూడితే ఆ నటుడు రెండు చోట్లా అడుగున పడుతున్నాడు, కలిపితే మొదటి మూడింట్లో ఉంటాడు. ఎక్కువ బ్యాలెట్లు ఎటుంటే పాయింట్లన్నీ అటు మార్చొచ్చా? ఒకే విమర్శకుడు రెండు విభాగాల్లోనూ అదే పాత్రను రాస్తే ఏది కొట్టేయాలి? ఒకే నటికి రెండు సినిమాల్లో ఓట్లు పడితే మాత్రం కలపకూడదనే నా అభిప్రాయం. ఓటు ఆ నటనకే గానీ పేరుకి కాదు.

పాయింట్లు సమానమైతే ఎక్కువ బ్యాలెట్లలో ఉన్నదాన్ని పైన పెడుతున్నాం. మొదటి స్థానం ఓట్లు చూడటం మేలా? ఇలాంటి పోల్ నడిపినవాళ్లు చెప్పండి, ఫలితాలు ప్రకటించాక సవరిస్తే నటులకి అన్యాయం జరుగుతుంది.