అమ్మ ఇత్తడి సామాను తీసేసి చిన్న ఫ్లాట్‌లోకి మారడం తప్పా?

కంచరపాలెం_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో కంచరపాలెం. నాన్న పోయి రెండేళ్లయింది. పాత ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో అమ్మేశాం. వచ్చే నెల అమ్మ, నేను, నా భార్య, బాబు మధురవాడలో రెండు పడగ్గదుల ఫ్లాట్‌కి మారుతున్నాం. కాగితం మీద 1,050 చదరపు అడుగులు. కామన్ ఏరియా పోను చేతికొచ్చేది ఇంకా తక్కువ. వంటింటి మీద ఒక్కటే అటక.

పాత ఇంట్లో ఇత్తడి బిందెలు ఆరు, గంగాళం ఒకటి, కళాయి పోయిన గిన్నెలు పద్దెనిమిది, ఊరగాయ జాడీలు తొమ్మిది, రుబ్బురోలు, తిరగలి, నవారు మంచం, నాన్న సైకిలు ఉన్నాయి. పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు సామాను అట్టపెట్టెలు విప్పకుండానే ఉంది. రోజూ వాడేది మాత్రం పది గిన్నెలకు మించదు.

నాకు తక్కువ వస్తువులతో బతకాలని ఉంది. మన సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము నిలవదు, బీరువా అడుగు తుప్పుపట్టి రాలిపోతోంది. ప్రతి వస్తువు వెనకా చాకిరీ ఉంది, అదంతా అమ్మే చేస్తోంది. మార్గశిర లక్ష్మివారాలు వచ్చాయంటే 68 ఏళ్ల మనిషి పెరట్లో కూర్చుని చింతపండు పెట్టి బిందెలన్నీ తోముతుంది. నేను చూడలేకపోతున్నాను. ఆమె ఒక్కటీ తీయనివ్వదు. తీసేయడం తప్పా?

తేలికబతుకు | శుక్రవారం, రాత్రి 10:15

తప్పు కాదు తమ్ముడూ. నేను మూడేళ్ల కిందట ఇదే చేశాను. ఇప్పుడు మా ఇంట్లో నలుగురికి ఎనిమిది కంచాలు, రెండు కుక్కర్లు, మనిషికి ఒక అర బట్టలు. ఆదివారం ఇల్లు సర్దడానికి గంట పడుతుంది, అంతే. ఇదివరకు పూటంతా పోయేది.

ఒక లెక్క చెప్తాను. చదరపు అడుగు 5,000 రూపాయలు అనుకో. నువ్వు చెప్పిన సామానుకి 40 అడుగుల చోటు కావాలి. అంటే 2 లక్షలు పోసి ఎవరూ వాడని వస్తువులకు గది కొంటున్నావు. అదే చోటులో మీ అమ్మగారు కాళ్లు చాపుకుని కూర్చునే కుర్చీ వేయొచ్చు.

పూర్ణా_మార్కెట్_పద్మ | శుక్రవారం, రాత్రి 10:32

అమ్మేటట్టయితే ఇత్తడి, కంచు వేరు చేసి తూయించండి. కంచు ధర ఎక్కువ. కలిపి తూస్తే నష్టపోతారు. తరుగు ఎంత తీస్తారో ముందే అడగండి. మా అత్తగారి సామాను ఇచ్చినప్పుడు ఒక కొట్టతను తూకం అయ్యాక తరుగు చెప్పి సగం కొట్టేశాడు.

ఉక్కు_మాష్టారు | శనివారం, ఉదయం 6:05

బాబూ, ఒక్క బిందె కూడా తీయకు.

2014 అక్టోబరు 12 నువ్వూ చూసే ఉంటావు. హుద్‌హుద్. గంటకు 180 కిలోమీటర్లకు పైగా గాలి. మేము అప్పుడు ఉక్కునగరం క్వార్టర్లో ఉన్నాం. ఎనిమిది రోజులు కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్లు లేవు. సెల్‌ఫోను పలకలేదు, ఏటీఎం పనిచేయలేదు. తుపాను హెచ్చరిక వినగానే నా భార్య శనివారం రాత్రే ఇంట్లో ఉన్న ఆరు బిందెలూ నింపి మూతలు పెట్టింది. పక్క క్వార్టరు కుర్రజంటకు రెండు ప్లాస్టిక్ బాటిళ్లు, ఒక ఫ్రిజ్జు. మూడో రోజు ఆ పిల్ల చెంబు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

సామాను ఎక్కువైందన్న మాట అన్నీ బాగున్న రోజుల్లోనే వస్తుంది.

తేలికబతుకు | శనివారం, ఉదయం 8:20

మాష్టారూ, మీ మాట కొట్టేయను, కానీ లెక్క చూడండి. బిందెకు 15 లీటర్లు, ఆరు బిందెలకు 90 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. నలుగురికి 540. మీ బిందెలు ఒక్క పూటకు కూడా చాలవు. అదే 200 లీటర్ల డ్రమ్ము ఒకటి బాల్కనీలో పెట్టుకుంటే పోతుంది కదా. ఏటా తోమక్కర్లేదు.

ఉక్కు_మాష్టారు | శనివారం, ఉదయం 8:55

135 లీటర్లంటే స్నానం, బట్టలు, బాత్రూము అన్నీ కలిపి. తుపానులో ఎవరైనా బట్టలుతుకుతారా? తాగడానికి, అన్నం వండుకోవడానికి మనిషికి ఐదు లీటర్లు చాలు. నలుగురికి 20. 90 లీటర్లంటే నాలుగు రోజులు దాటుతుంది. ఇంకో సంగతి, 200 లీటర్ల నిండు డ్రమ్ముని ఎవరు కదుపుతారు? బిందె అయితే చంకనేసుకుని నాలుగో అంతస్తుకి ఎక్కించొచ్చు.

తేలికబతుకు | శనివారం, ఉదయం 9:10

68 ఏళ్ల ఆవిడ చంకనేసుకుని ఎక్కుతుందా? మీరు చెప్పేది కూడా వేరే మనిషి నడుము మీద నడిచే లెక్కే.

భీమిలి_రోడ్డు | శనివారం, ఉదయం 11:30

తక్కువతో బతకడం ఈ తీరానికి కొత్త కాదు. మంగమారిపేట దగ్గర కొండ మీది పాత బౌద్ధారామం, తొట్లకొండ చూడండి. బౌద్ధ భిక్షువు సొంతం అనుకునేవి ఎనిమిదే: మూడు చీవరాలు (ఒంటి మీది బట్టలు), భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడగట్టే గుడ్డ. రెండు వేల ఏళ్ల కిందట అలా బతికినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

ఉక్కు_మాష్టారు | శనివారం, మధ్యాహ్నం 12:05

ఆ కొండకు తొట్లకొండ అన్న పేరు ఎందుకొచ్చింది? నీళ్ల కోసం రాతిలో తొట్లు తొలిచారు గనక. ఎనిమిది వస్తువుల వాళ్లకు కూడా నీళ్లు దాచుకోక తప్పలేదు.

భీమిలి_రోడ్డు | శనివారం, మధ్యాహ్నం 12:20

ఆ తొట్లు ఏ ఒక్క భిక్షువు సొంతమూ కాదండి, సంఘానివి. ఆరు బిందెలు ఇంటింటికీ ఉండాలా, అపార్టుమెంటు మొత్తానికి కలిపి ఒక ఏర్పాటు ఉంటే చాలదా?

పూర్ణా_మార్కెట్_పద్మ | శనివారం, మధ్యాహ్నం 1:15

మా అపార్టుమెంటులో జనరేటరు డీజిల్ డబ్బులకే ఏడాదిగా గొడవ. ఇక నీళ్లు కలిపి దాచుకోవడమా!

ఉక్కు_మాష్టారు | శనివారం, రాత్రి 8:40

నేను రోజంతా ఆలోచించి రాస్తున్నాను. ఈ కొత్త పద్ధతిలో నాకు భయం వేసేది బిందెల గురించి కాదు. వాడుతున్నామా, లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఇల్లంతా కొలుస్తున్నారు. ఆ కొలతకు నిలబడని మనుషులు కూడా ఇంట్లో ఉంటారు. మీ తరానికి ముసలివాళ్లు కూడా చోటు పట్టే సామానులాగే కనిపిస్తున్నారు.

తేలికబతుకు | శనివారం, రాత్రి 8:52

ఈ మాట వెనక్కి తీసుకోండి. నా గురించి మీకేం తెలుసు?

మా అమ్మ పోయాక సీతంపేట ఇల్లు ఖాళీ చేసింది నేను ఒక్కదాన్నే. అన్నయ్యలిద్దరూ విదేశాల్లో ఉన్నారు, పదమూడో రోజు అవగానే వెళ్లిపోయారు. నాలుగు నెలలు ప్రతి ఆదివారం బస్సెక్కి ఆ ఇంటికి వెళ్లాను. 1970ల నాటి కరెంటు బిల్లులు, మందుల చీటీలు, మాకు చిన్నప్పుడు కుట్టిన గౌన్లు, ఒక డబ్బా నిండా పగిలిన గాజు ముక్కలు. ఏది పారేసినా అమ్మనే పారేస్తున్నట్టు ఉండేది. ఒక చీర మడతలో నా పదో తరగతి హాల్ టికెట్ దొరికింది. దాన్ని పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. అన్నయ్య ఫోను చేసి, ఇంకా ఎన్నాళ్లు, కొనేవాడు అడుగుతున్నాడు అన్నాడు.

నా కూతురికి ఆ నాలుగు నెలలు రాకూడదని నేను తీసేస్తున్నాను. అందులో మీకు ప్రేమ కనబడలేదా?

అడ్మిన్ | శనివారం, రాత్రి 9:05

వ్యక్తిగత మాటలు వద్దు. ఇద్దరూ పెద్దవాళ్లు. విషయం మీద ఉండండి.

నిర్వాసితుడి_కొడుకు | శనివారం, రాత్రి 10:30

రెండు రోజులుగా చదువుతున్నాను. తక్కువతో బతకడం గొప్ప అని ఒకరు, ఎక్కువ ఉంటే ధైర్యం అని ఒకరు. మాది గాజువాక. అంతకుముందు మాకు వేరే ఊరుండేది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు ఇచ్చిన 64 ఊళ్లలో అదొకటి. 1971లో శంకుస్థాపన జరిగింది. మా తాత ఊరొదిలిన రోజు ఎడ్లబండికి పట్టినంతే తెచ్చుకున్నాడు. వడ్ల గాదె వదిలేశాడు, పనస చెట్టు వదిలేశాడు. తెచ్చినవాటిలో ఇప్పుడు మిగిలింది ఒక కంచు గిన్నె, నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు. ఆ గిన్నెలో మేం ఏమీ తినం. మా నాన్న దాన్ని చూస్తాడు, అంతే.

ఎవరూ అడగకుండా తక్కువైపోయిన ఇంట్లో పెరిగాను నేను. తేలికబతుకు గారూ, మీరు మనసుకు నచ్చి వదిలారు, మళ్లీ కావాలంటే కొనగలరు. కొనలేనివాడు పాత డబ్బా మూత కూడా దాస్తాడు. మా అమ్మ పాల కవర్లు కడిగి ఆరేస్తుంది. అది పిచ్చి అనుకునేవాణ్ణి. కాదు. అసలు కుర్రాడు ఒక్క సంగతి చెప్పాలి. అమ్మని అడిగాడా, లేక చెప్పాడా?

ఉక్కు_మాష్టారు | శనివారం, రాత్రి 11:10

అమ్మా తేలికబతుకూ, ఆ మాట అనకూడదు. వెనక్కి తీసుకుంటున్నాను.

నేను కంటి ఆపరేషనుకి ఆసుపత్రిలో మూడు రోజులున్నాను. ఇంటికొచ్చేసరికి మా అబ్బాయి నాకు సాయం అనుకుని గది శుభ్రం చేశాడు. 34 ఏళ్ల డ్యూటీ డైరీలు, నా పనిముట్ల పెట్టె, మా ఆవిడ బిందెలు, ఏవీ లేవు. ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు. వాడు మంచివాడే. గదికి రంగు కూడా వేయించాడు. నేను ఏమీ అనలేదు. అందుకే ఇక్కడ అన్నాను.

తేలికబతుకు | ఆదివారం, ఉదయం 7:30

అడగకుండా తీయడం తప్పే మాష్టారూ. అది నేను ఎప్పుడూ ఒప్పుకోను. నేను తీసినవన్నీ నావి, నా భర్తవి. ఆయన్ని అడిగే తీశాను. కానీ డ్రమ్ము విషయంలో మాత్రం నా మాట మారదు.

కంచరపాలెం_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 3:20

నిర్వాసితుడి కొడుకు గారు అడిగిందానికి నిజం చెప్తాను. అడగలేదు. చెప్పాను.

మీ పోస్టు చదివాక ఈ ఉదయం అమ్మ దగ్గర కూర్చుని, ఏది ఉంచుదాం అమ్మా అని మొదటిసారి అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఇల్లు అమ్మినప్పుడు నన్నెవరడిగారు నాన్నా అంది. అన్నదమ్ములం ముగ్గురం హాల్లో కూర్చుని ధర మాట్లాడుకున్నాం. అమ్మ వంటింట్లో మాకు టీ పెట్టింది. సంతకం దగ్గర మాత్రం పిలిచాం. ఇల్లు కట్టేటప్పుడు ఆమె తన గాజులు ఇచ్చింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, బిందెల గురించి ఇక్కడ పోస్టు పెట్టాను.

నిర్వాసితుడి_కొడుకు | ఆదివారం, మధ్యాహ్నం 3:45

రిజిస్ట్రేషన్ అయిపోయిందా?

కంచరపాలెం_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 3:50

అయిపోయిందండి.

పూర్ణా_మార్కెట్_పద్మ | ఆదివారం, సాయంత్రం 5:05

అయితే కొత్త ఇంట్లో ఒక గది పూర్తిగా అమ్మగారిదే అని చెప్పండి బాబూ. అందులో ఏముండాలో ఆవిడే చెప్తారు. అటక మీద కూడా ఆవిడకే హక్కు ఇవ్వండి.

తేలికబతుకు | ఆదివారం, సాయంత్రం 5:40

బాబు ఏ గదిలో పడుకుంటాడు? ఉన్నవి రెండు గదులే. ఆ చోటు ఎక్కడినుంచి వస్తుందో కూడా చెప్పాలి కదా పద్మగారూ.

కంచరపాలెం_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:15

బాబు నాన్నమ్మ దగ్గరే పడుకుంటాడు, ఇప్పుడూ అంతే. నేను, నా భార్య మా బట్టల బీరువాల్లో ఒకటి తీసేస్తున్నాం. అది మాది, మమ్మల్ని మేమే అడిగాం.

సాయంత్రం అమ్మతో కలిసి అటక దింపాను. మూడు గంటల్లో అయిదు వస్తువుల దగ్గరే ఆగిపోయాం. ఒక్కోదానికీ ఒక కథ. పెళ్లి స్టీలు సామాను పెట్టెలన్నీ ఆమే ముందుగా పక్కకు నెట్టింది, వీటి మీద నాకేం ఆశ లేదు, పనిమనిషి కూతురి పెళ్లికి ఇచ్చెయ్ అంది. తిరగలి కూడా వద్దంది. నాన్న సైకిలు దగ్గర ఇద్దరం ఏమీ అనుకోలేదు, అక్కడే ఉంది. బిందెలు ఆరింటిలో రెండు పిన్నికి ఇస్తానంది. గంగాళం మాత్రం తనతో రావాలంది. బాల్కనీలో పెడతాం. తోమడం నా పని.

ఉక్కు_మాష్టారు | ఆదివారం, రాత్రి 9:32

గంగాళం ఎన్ని బిందెలు పడుతుంది?

కంచరపాలెం_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:41

ఏడు, మాష్టారూ. ఇప్పుడే పోసి చూశాం.