విల్లు సీజన్‌లో క్రాస్‌బో: ఏ వైపు ఓటు వేయాలో తేలడం లేదు

నమస్తే అండీ. మేం ఉండేది అమెరికాలోని విస్కాన్సిన్‌ రాష్ట్రంలో. ఏడేళ్లుగా కాంపౌండ్ విల్లుతో (కప్పీలు బిగించిన ఆధునిక విల్లు) జింకల వేటకు వెళ్తున్నాను. నిరుడు భుజానికి ఆపరేషన్ అయ్యాక తాడు లాగలేక క్రాస్‌బో (తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు) కొన్నాను. అప్పటినుంచీ నాకు వేట నేర్పిన పెద్దాయన నాతో సరిగా మాట్లాడటం లేదు. అది నన్ను బాగా బాధిస్తోంది.

క్రాస్‌బోతో వేట అసలైన విల్లు వేట కాదన్న ఆయన మాటలోనూ న్యాయం ఉంది. జింక ఇరవై గజాల్లోకి వచ్చాక, దాని కంట పడకుండా విల్లు లాగి పట్టుకోవడమే అసలు విద్య. క్రాస్‌బో ముందే ఎక్కుపెట్టి ఉంటుంది; స్కోపులో చూసి ట్రిగ్గర్ నొక్కడమే. కానీ కాంపౌండ్ విల్లులోనూ, పూర్తిగా లాగాక, దాదాపు 80 శాతం బరువు కప్పీలే మోస్తాయి కదా!

ఇక్కడ 2014కు ముందు క్రాస్‌బో వృద్ధులకూ, వికలాంగులకూ మాత్రమే. ఆ ఏడాది నుంచి విడి లైసెన్సుతో అందరికీ ఇచ్చారు, సెప్టెంబర్ మధ్యలో మొదలయ్యే విల్లు సీజన్‌తో పాటే. ఇప్పుడు ఆ క్రాస్‌బో సీజన్ రోజులు తగ్గించాలని కొందరి పట్టు. ఏప్రిల్‌లో కౌంటీల వారీగా జరిగే అభిప్రాయ సేకరణలో నేనూ ఓటు వేయాలి.

ఒహాయోలో, 2009 నుంచి అందరికీ అనుమతి ఉన్న పెన్సిల్వేనియాలో వేటాడే మనవాళ్లు చెప్పండి: పబ్లిక్ అడవుల్లో రద్దీ పెరిగిందా? పెద్ద కొమ్ముల మగజింకలు తగ్గాయా? విల్లు పట్టేవాళ్లు మానేశారా? ఆ పెద్దాయనకు నచ్చజెప్పే దారి ఏదైనా ఉంటే అదీ చెప్పండి.